మేక పాలు ఇంట్లో బాగుంటున్నాయి, హన్మకొండకు చేరేసరికి వాసన వస్తున్నాయి. ఎందుకు?

వర్ధన్నపేట రైతు:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వర్ధన్నపేట దగ్గర పల్లె. పోయినేడు పత్తి చేను పక్కన కొట్టం వేసి మేకలు మొదలుపెట్టాను, మాంసానికి కాదు, పాల కోసమే. ఇప్పుడు మూడు పాలిస్తున్నాయి, రెండు జమునాపారి క్రాసు, ఒకటి ఉస్మానాబాది. అన్నీ కలిపి పూటకు రెండు లీటర్ల దాకా వస్తాయి. మేము పిండిన వెంటనే కాచుకుని తాగుతాం, చాయ్ కూడా వాటితోనే, మా అమ్మకు వాసన అంటే అస్సలు పడదు, ఆమే ఇష్టంగా తాగుతుంది. కానీ హన్మకొండలో ఆరు ఇళ్లకు పోస్తుంటే అందులో రెండు ఇళ్ల వాళ్లు మానేశారు. "కౌసు వాసన వస్తోంది బాబూ, పిల్లలు ముట్టడం లేదు" అన్నారు. నాకు చాలా బాధైంది, ఎందుకంటే నేను చుక్క నీళ్లు కలపను, కొట్టం రోజూ ఊడుస్తాను.

నేను చేసేది చెప్తాను, తప్పుంటే చెప్పండి. రాత్రి పాలు వడగట్టి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున పిండినవి వేడి వేడిగా అదే క్యాన్‌లో పోస్తాను. పది లీటర్ల ప్లాస్టిక్ క్యాన్, బైక్‌కు కట్టుకుని ముప్పావు గంటలో చేరుకుంటాను. పోతు కూడా అదే కొట్టంలో ఓ మూలకు ఉంటుంది. మేతకు సుబాబుల్, మక్క చొప్ప, తవుడు, పల్లిచెక్క. జాతి మార్చాలా? ఇంకో నలుగురు మానేస్తే మేకలు అమ్ముకోవాల్సిందే, అందుకే టెన్షన్‌గా ఉంది.

జమ్మికుంట అక్క:

తమ్ముడూ, మేకలు అమ్మే మాట ఇప్పుడే వద్దు. నేను పదేళ్లుగా మేకలతోనే ఉన్నాను, మొదటి రెండేళ్లు నాదీ ఇదే బాధ. నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది చూడు: ఇంట్లో వాసన లేదు, ఊరు దాటాక వస్తోంది. అంటే పాలు పొదుగులోంచి బాగానే దిగుతున్నాయి, తర్వాత చెడుతున్నాయి. పిండిన వెంటనే వాసన వచ్చే పాలకు ఒక కారణం, మరునాడు వచ్చే పాలకు వేరే కారణం. ఈ రెండూ కలిపేసుకుని అందరూ ముందు జాతిని తిడతారు, లేదా యాలకులు వేసి మరిగిస్తారు.

ముందు ఇది చెయ్యి. మూడు మేకల పాలు మూడు గ్లాసుల్లో వేరువేరుగా పిండి, కాచకుండా నాలుక మీద వేసుకుని చూసి వెంటనే ఉమ్మెయ్, పచ్చివి మింగకు. ఉప్పగా ఉందా, చేదుగా ఉందా, తియ్యగా ఉందా రాసి పెట్టుకో. తర్వాత ఒకే మేక పాలు మూడు గాజు సీసాల్లో పొయ్యి. ఒకటి కాచి చల్లార్చి, ఒకటి పచ్చివే ఐసు నీళ్లలో చల్లార్చి, మూడోది నువ్వు ఇప్పుడు చేస్తున్నట్టే బైక్ మీద ఓ చుట్టు తిప్పి, మూడూ ఫ్రిజ్‌లో పెట్టు. ఒక రోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు మూత తీసి వాసన చూడు. డాక్టర్ అక్కర్లేదు, సీసాలే చెప్తాయి.

ఇంకొకటి, పోతును ఈ రోజే అక్కడి నుంచి తియ్యి. కొమ్ముల వెనక దానికి వాసన గ్రంథులు ఉంటాయి, ఎదకొచ్చిన రోజుల్లో తన గడ్డం మీద, ముందు కాళ్ల మీద తానే మూత్రం పోసుకుంటుంది. ఆడమేకలు దానికి ఒరుసుకుంటాయి, ఆ వాసన వెంట్రుకలకు పడుతుంది, నీ చేతులకు పడుతుంది, అక్కడి నుంచి పాల గిన్నెలోకి. నేను పోతును గాలివాటు చూసుకుని అవతలి గట్టున కట్టేస్తాను, దాన్ని ముట్టుకున్న చొక్కాతో పాలు పిండను.

మామునూరులో చదివినవాడు:

అక్క చెప్పిన సీసాల పద్ధతి చాలా మంచిది, దాని వెనక సంగతి నేను రాస్తాను. మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను, ఇప్పుడు పరకాల వైపు పని చేస్తున్నాను.

మేక పాల కొవ్వులో కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అనే మూడు ఆమ్లాలు ఎక్కువ, కొవ్వులో సుమారు 15 శాతం. ఆవు పాలలో దాదాపు సగమే. ఆ పేర్లు కూడా లాటిన్‌లో మేకను పిలిచే మాట నుంచి వచ్చినవే. ఇవి కొవ్వులో కట్టుబడి ఉన్నంతసేపు మనకు వాసన తెలియదు. పాలలోనే లైపేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, అది కొవ్వును తెంపి ఈ ఆమ్లాలను బయటికి వదిలినప్పుడే మేక వాసన కొడుతుంది. కొవ్వు బొట్టు చుట్టూ సన్నని పొర ఉంటుంది కాబట్టి మామూలుగా లైపేజ్‌కు కొవ్వు అందదు. పాలు గట్టిగా కుదిపితే ఆ పొర చిరుగుతుంది. పది లీటర్ల క్యాన్‌లో నాలుగు లీటర్లు పోసి మన రోడ్ల మీద ముప్పావు గంట బైక్ నడిపితే, సగం ఖాళీగా ఉన్న క్యాన్‌లో పాలు చిలికినట్టే అవుతాయి, అదీ సగం వేడిగా ఉన్నప్పుడు. నా అంచనాలో నీ వాసనకు అసలు కారణం ఇదే. పాలు ఎన్నయితే క్యాన్ అంత ఉండాలి, మూత దాకా నిండాలి, లోపల గాలి మిగలకూడదు.

రెండోది వేడి పాలు చల్ల పాలలో పోయడం. పొదుగులోంచి దిగేటప్పుడు పాలు 39 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని రాత్రి పాలలో పోస్తే చల్లటివి మళ్లీ గోరువెచ్చన అవుతాయి, సూక్ష్మజీవులకు పండగ, లైపేజ్‌కూ పండగ. పొద్దుటివి విడిగా చల్లార్చిన తర్వాతే కలుపు, ఇంకా మంచిది అసలు కలపకు. ఫ్రిజ్ పాలను తొందరగా చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు, రెండు లీటర్లు పెడితే గంటలు పడుతుంది, ఎందుకంటే అక్కడ చల్లబరిచేది గాలి. అదే స్టీలు క్యాన్‌ను మెడ దాకా ఐసు నీళ్లలో పెట్టి నెమ్మదిగా గరిటె తిప్పితే అరగంట అటూ ఇటుగా దిగిపోతుంది. గంటలోపు 4 డిగ్రీలకు తేవాలన్నది గురి. ఐసు కొనక్కర్లేదు, పాత నీళ్ల సీసాలు నింపి డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టిస్తే కరెంటు పోయినప్పుడు కూడా అవే కాపాడతాయి.

కాచి పోస్తే వాసన సగం తిప్పలు తప్పుతాయి, ఎందుకంటే వేడికి లైపేజ్ చచ్చిపోతుంది. మరిగించాల్సిన పని లేదు, నీళ్ల గిన్నెలో పాల గిన్నె పెట్టి థర్మామీటర్‌తో 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచితే చాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, ఆ వెంటనే ఐసు నీళ్లలోకి. ఉడికిన వాసన రాదు. కొందరు "పచ్చి మేక పాలు బలం" అని అడుగుతారు, దయచేసి అమ్మకు. మేకల నుంచి బ్రూసెల్లా వస్తుంది, వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి, మేకల కాపరుల్లో, మా పశువుల డాక్టర్లలో కూడా దాని బారిన పడ్డవాళ్లు ఉన్నారు.

ములుగు తాత:

నాకు అరవై దాటింది, ఇప్పటికీ ఇరవై మేకలు తోలుతాను. వాళ్లిద్దరూ చెప్పినవి కాక రెండు ముక్కలు చెప్తాను.

గిన్నెల సంగతి చూడు బిడ్డా. మా అమ్మ ఇత్తడి చెంబులో పిండేది, ప్రతి ఏడు కళాయి వేయించేది. ఇప్పుడు కళాయి పోసేవాళ్లు ఎక్కడున్నారు? కళాయి అరిగిన ఇత్తడిలో, రాగిలో పాలు ఉంచితే అట్టముక్క నాకినట్టు ఒక రుచి వస్తుంది. స్టీలుకు మారిపో. ప్లాస్టిక్ క్యాన్ లోపల గీతలు పడతాయి, ఆ గీతల్లో పాల మడ్డి ఎంత రుద్దినా పోదు. గిన్నెలు ముందు చల్ల నీళ్లతోనో గోరువెచ్చని నీళ్లతోనో తొలుచు, మొదటే మరిగే నీళ్లు పోస్తే పాలు గిన్నెకు అతుక్కుంటాయి. ఆ తర్వాత వేడి నీళ్లు, సబ్బు, తోమే పీచు వేరేది పెట్టుకో. మన బోరు నీళ్లకు ఎలాగూ తెల్లటి పొర కడుతుంది, వారానికోసారి నిమ్మ పిండిన నీళ్లతోనో వెనిగర్‌తోనో కడిగి బోర్లించి ఎండలో పెట్టు. గిన్నెలను ఎండలో పెట్టు కానీ పాలను పెట్టకు, గాజు సీసాలో పాలు ఎండ తగిలితే రుచి పాడవుతుంది.

మేతలో నువ్వు చెప్పినవన్నీ మంచివే, ఒక్క పల్లిచెక్క మాత్రం వానాకాలంలో విరిచి చూసి వెయ్యి. బూజు పట్టిన చెక్కలోని విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. పాలకు ముందు నాలుగైదు గంటలు ఘాటు మేత వద్దు, మార్కెట్ ఉల్లి పొట్టు, వేప మండలు వేస్తే వేసినట్టే పాలు చెప్తాయి. చేనుగట్ల మీది వయ్యారిభామ తింటే చేదు కొడతాయి, దాన్ని పీకెయ్యాలి. మర్రి, రావి, మేడి, తుమ్మ కాయలు, దశరథ గడ్డి, ఇవన్నీ తినే మేక పాలు తియ్యగా ఉంటాయి, నా మాట నమ్ము.

వర్ధన్నపేట రైతు:

పది రోజులైంది, వచ్చి చెప్పకపోతే మంచిది కాదనిపించింది. మూడు మేకల పాలు విడివిడిగా చూశాను. జమునాపారి రెండింటివీ తియ్యగానే ఉన్నాయి, ఉస్మానాబాదిది కొంచెం ఉప్పగా తగిలింది. ఇన్నాళ్లూ అన్నీ ఒకే గిన్నెలో పిండడం వల్ల నాకు తెలియనే లేదు. సీసాల్లో బైక్ మీద తిప్పింది మరునాటికే కౌసు వాసన కొట్టింది, ఐసులో పెట్టిన పచ్చివి మూడో రోజుకు కొంచెం, కాచినవి మూడు రోజులకూ బాగున్నాయి. అమ్మ వాసన చూసి "ఇదీ మన పాలేనా" అంది. పోతును అవతలకు కట్టాను, మూడు లీటర్లదీ రెండు లీటర్లదీ స్టీలు క్యాన్లు కొన్నాను. ఉస్మానాబాది పొదుగు బయటికి ఏమీ కనిపించడం లేదు, వాపు లేదు, తిండి బాగానే తింటోంది. ఏం చేయాలి?

ఇంకో రెండు ప్రశ్నలు. ఆదివారాలు పాలు మిగులుతాయి, గడ్డ కట్టించి పెట్టుకోవచ్చా? ఒకామె నాలుగు నెలల పాపకు కావాలంటోంది, ఇంకొకాయన డెంగీకి మంచిదట, లీటరు ఎంతైనా ఇస్తానంటున్నాడు. పోయాలా వద్దా?

మామునూరులో చదివినవాడు:

ఉప్పదనం పొదుగువాపుకు గుర్తు కావచ్చు, బయటికి కనిపించకపోయినా లోపల ఉండొచ్చు. మొదటి రెండు మూడు ధారలు నల్ల గుడ్డ మీద పిండి గడ్డలు ఉన్నాయేమో చూడు, తర్వాత దగ్గర్లో డాక్టర్ చేత సీఎంటీ చేయించు, అంటే పాలలో ద్రావణం కలిపి, కణాలు ఎక్కువై చిక్కబడతాయేమో చూసే పొదుగువాపు పరీక్ష, రాలేకపోతే 1962కు ఫోన్ చెయ్యి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఒక మాట గుర్తుంచుకో, మేక పాలలో మామూలుగానే కణాలు ఎక్కువ, కాబట్టి సీఎంటీలో కొంచెం చిక్కబడితే కంగారుపడకు, రెండు చన్నులకూ తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. మందు ఎక్కిస్తే డాక్టర్ చెప్పిన రోజులు గడిచేదాకా ఆ పాలు ఎవరికీ పోయకు. ఆ మేకను చివర్లో పిండు, పిండాక అన్నిటికీ చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచు.

పాపకు వద్దు, గట్టిగా చెప్తున్నాను. ఆరు నెలల దాకా తల్లిపాలే. మేక పాలలో ఫోలిక్ ఆమ్లం చాలా తక్కువ, ప్రొటీన్లూ ఖనిజాలూ పసిపిల్ల మూత్రపిండాలు మోయలేనంత ఎక్కువ. తల్లికి పాలు చాలకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి పంపు. డెంగీ సంగతి, మేక పాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని గట్టి రుజువు లేదు. కాచిన పాలు ఆహారంగా ఎవరైనా తాగొచ్చు, మామూలు రేటుకే పొయ్యి, కానీ ఆస్పత్రికి వెళ్లడం ఆపవద్దని ఆయనకు చెప్పు. జ్వరంలో ఉన్నవాళ్లకు పచ్చివి అసలు ఇవ్వకు.

జమ్మికుంట అక్క:

గడ్డ కట్టించొచ్చు తమ్ముడూ, కానీ కాచి చల్లార్చాకే. పచ్చివి గడ్డ కట్టిస్తే లోపల లైపేజ్ మెల్లగా పని చేస్తూనే ఉంటుంది, కరిగాక వాసన. అర లీటరు పలచటి కవర్లలో పోసి పరిచి పెట్టు, తొందరగా గడ్డ కడతాయి, కరిగించేటప్పుడు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించు. కొంచెం పలుకులు పలుకులుగా కనిపించినా చెడినట్టు కాదు. నేనైతే మిగిలినవి పన్నీరు చేస్తాను. పెరుగు పెడితే ఆవు పెరుగులా గడ్డగా తోడుకోదు, జారుగానే ఉంటుంది, గుడ్డలో రాత్రంతా వేలాడదీస్తే మాత్రం ఇంట్లో అందరూ అన్నంలో అడిగి వేసుకుంటారు.

మానేసిన ఆ రెండు ఇళ్లకు ఒక పూట పాలు ఊరికే పోసి రా, మరునాడు పొద్దున మళ్లీ వాసన చూడమని చెప్పు. ఏమన్నారో, ఉస్మానాబాది ఎన్ని రోజులకు తేరుకుందో ఇక్కడ రాయి.