ఏరి చేర్చుకునే సంఘం సేవాసంఘం అవుతుందా? ఆల్ఫా కప్పా ఆల్ఫాపై చర్చ

హ్యూస్టన్ నాన్న (చర్చ ప్రారంభం):
మా అమ్మాయి తన విశ్వవిద్యాలయంలో భారతీయ సంతతి విద్యార్థినులు నడిపే ఒక సొరోరిటీలో, అంటే విద్యార్థినుల సంఘంలో, చేరతానంటోంది. పాత సభ్యురాళ్లు ఒప్పుకుంటేనే కొత్తవారికి చోటు, చేరాక గ్రీకు అక్షరాల చొక్కా, జీవితాంతం అక్కచెల్లెళ్ల బంధం, దానికి చందా: ఇదీ పద్ధతి. ఈ సంప్రదాయంలో పేరున్న సంఘం ఎలాంటిదో చూద్దామని, కమలా హారిస్ 1986లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆల్ఫా కప్పా ఆల్ఫా చరిత్ర చదివాను. నల్లజాతి విద్యార్థినులు స్థాపించుకున్న మొట్టమొదటి గ్రీకు అక్షరాల సంఘం అది. సమస్త మానవాళికి సేవ చేయటం దాని ధ్యేయమట. తలుపు మాత్రం కొందరికే తెరుచుకుంటుంది. ఒకే ఒరలో ఈ రెండు కత్తులూ ఇమడవని నా అభిప్రాయం. కాదనేవారుంటే చెప్పండి.

బందరు పంతులు:
అయ్యా, 1908 నాటి పరిస్థితులను పక్కనపెట్టి తలుపు గురించి మాట్లాడటం న్యాయం కాదు. నల్లజాతి స్త్రీకి కాలేజీ చదువే అపురూపమైన ఆ రోజుల్లో, ఎథెల్ హెడ్జ్‌మన్ అనే విద్యార్థిని, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివిన ఒక అధ్యాపకురాలు తన సొరోరిటీ గురించి చెప్పిన ముచ్చట్లు విని, జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవర్డ్ ప్రాంగణంలో మరో ఎనిమిది మందితో కలిసి ఈ సంఘాన్ని స్థాపించింది. మూసి ఉన్న తలుపుల ముందు నిలబడ్డవాళ్లు తమకంటూ ఒక గది కట్టుకున్నారు.

ఇక సేవ మాటకొస్తే, 1935 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలోని హోమ్స్ కౌంటీలో జరిగినది చూడండి. ఈ సంఘానికి చెందిన డాక్టర్ డొరొతీ బోల్డింగ్ ఫెరెబీ నాయకత్వంలో వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయినులు సొంత కార్లలో అక్కడికి వెళ్లి, పాలుకు పత్తి సాగుచేసుకునే నల్లజాతి కుటుంబాల కోసం వైద్య కేంద్రాలు పెట్టదలిచారు. తోటల యజమానులు తమ కూలీలను అక్కడికి వెళ్లనివ్వలేదు. దాంతో వారు ఆ కార్లనే వైద్యశాలలుగా మార్చి, మందులూ సామానూ వేసుకుని తోటల్లోకే వెళ్లి, పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. యజమాని కనుసన్నల్లో, చెట్టు కింద, ధూళిలో నిలబడి సూది వేసిన ఆ నర్సు సభ్యత్వం ఓటుతో వచ్చిందా, దరఖాస్తుతో వచ్చిందా అని టీకా వేయించుకున్న పిల్లవాడి తల్లి అడగలేదు కదా! యుద్ధకాలంలో పెట్రోలుకూ టైర్లకూ రేషను వచ్చాకనే ఆ కార్యక్రమం ఆగింది.

నెల్లూరు చదువరి:
పంతులుగారు 1913ను సున్నితంగా దాటేశారు. హోవర్డ్ విద్యార్థినులలోనే ఇరవై ఇద్దరు సంఘం పేరూ గుర్తులూ మార్చి, దానిని ప్రజా సమస్యల వైపు మళ్లించాలని కోరితే, అంతకుముందే పట్టా పుచ్చుకున్న పాత సభ్యురాలు నెల్లీ క్వాండర్ ససేమిరా అన్నారు. ఆ ఇరవై ఇద్దరూ జనవరి 13న డెల్టా సిగ్మా థీటా పేరుతో వేరుకుంపటి పెట్టుకోగా, ఆల్ఫా కప్పా ఆల్ఫాను అదే నెల 29న చట్టబద్ధంగా నమోదు చేయించి, పేరు చెదరకుండా ఆవిడ కట్టుదిట్టం చేశారు. వేరుపడిన సరిగ్గా ఏడు వారాలకు, మార్చి 3న, డెల్టాలు వాషింగ్టన్ వీధుల్లో స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి స్త్రీలు వెనక వరుసల్లో నడవాలని నిర్వాహకులు కోరిన ఊరేగింపు అది, నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ మాటను తోసిపుచ్చి ఇల్లినాయ్ బృందంతోనే నడిచారు. విలువలంటే ఏమిటో సంఘంలోపలే తేలని తగవు అది. విచిత్రమేమిటంటే, తిరగబడి బయటికొచ్చిన డెల్టాలు సైతం ఏరి చేర్చుకునే పద్ధతిని మాత్రం వదులుకోలేదు.

ఒకనాటి హాస్టలు వాసి:
మీరిద్దరూ అసలు పుండును తాకలేదు. కొత్తవారిని 'పరీక్షించటం' పేరుతో జరిగే హింసను మనం ర్యాగింగ్ అంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానిపై 1997లో చట్టమే చేశాం. నల్లజాతి విద్యార్థి సంఘాల ఉమ్మడి మండలి 1990లో పాత ప్రవేశ పద్ధతిని రద్దుచేసి కొత్తది తెచ్చినా, ఆ అలవాటు చాటుమాటుకు మారిందే తప్ప పోలేదు. ఎంపిక ఉన్నచోట బతిమాలుకోవటం, అది ఉన్నచోట లొంగదీసుకోవటం ఎలాగూ వస్తాయి.

బందరు పంతులు:
అది ఒప్పుకుంటాను. అయితే ఆ తప్పు ఎంపికదా, గోప్యతదా? మిసిసిపీ శిబిరాల వెనక ఉన్నది కూడా ఎంపికే. వైద్యులూ టీచర్లూ చదువు ముగిశాక కూడా సంఘంలో కొనసాగే పద్ధతి లేకపోతే, వేసవి సెలవులు వదులుకుని అంతదూరం వెళ్లేవారు ఫెరెబీకి దొరికేవారా?

హ్యూస్టన్ నాన్న:
మిసిసిపీ సంగతి నాకు తెలియదు. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న రాత్రి మా అమ్మాయిని, కొత్తవారిని చేర్చుకునే వారాల్లో ఏం చేయిస్తారమ్మా అని అడిగితే, బయటివాళ్లకు చెప్పబోమని ముందే మాట తీసుకుంటారట నాన్నా అంది. ఆ మాట సంగతి తేలేదాకా చందా డబ్బు మాత్రం పంపేది లేదని చెప్పాను.