కైట్‌బోర్డింగ్ సొంతంగా నేర్చుకోవచ్చా? తిరుపతి నుంచి అడుగుతున్నా

అలిపిరి అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది తిరుపతి, ఫోన్ల రిపేరు షాపు. పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట, అదే కైట్‌బోర్డింగ్, నేర్చుకోవాలని ఉంది. దుబాయ్‌లో ఉండే మా బావ మొన్న సెలవుకొస్తూ తను వాడి పక్కనపెట్టిన కైట్ తెచ్చిచ్చాడు. 12 చదరపు మీటర్లది. చేత్తో పట్టుకుని కైట్‌ని నడిపే బారు, తాళ్లు, నడుముకు కట్టే హార్నెస్ ఉన్నాయి, బోర్డు లేదు. యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూసేశా. ముందు యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఎగరేసి, చేయి తిరిగాక తూపిలిపాళెం బీచికి పోదామని ప్లాను. ఈత వచ్చు, బావిలో నేర్చిన ఈత. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఇలా కుదురుతుందా?

బంగారుపాళెం తోట:
తమ్ముడూ, ముందు ఆ కైట్‌ని మడిచి అటకెక్కించు.

రెండేళ్ల కిందట తోతాపురి కోతలు అయిపోయాక ఆగస్టులో రామేశ్వరం పోయి నేర్చుకున్నా. రోజుకు మూడు గంటలు, నాలుగు రోజులు. మొదటిరోజు నీళ్లలోకే దింపలేదు. ఇసుకలో నిలబెట్టి చిన్న ట్రైనర్ కైట్ చేతికిచ్చారు. గాలికి వీపు పెట్టి నిలబడితే తలపైన 12 గంటలు, అటూ ఇటూ 9, 3 అనుకో. ఆ అంచుల్లో ఉన్నంతసేపు కైట్ నెమ్మదే. నీ ఎదురుగా మధ్యలోకి దిగిందా, ఇక అది ఎద్దే.

ఎద్దంటే గుర్తొచ్చింది. మా అమ్మ వాళ్ల పక్క రంగంపేట పశువుల పండగ చూసి పెరిగా. పలుపు చేతికి చుట్టుకోవద్దురా అని మా తాత తిట్టేవాడు. కైట్ తాళ్లూ అంతే, బిగుసుకుంటే వేళ్లు తెగుతాయి.

రెండోరోజు నా కైట్ మధ్యలోకి దూకింది. భయానికి బారు ఇంకా ఒళ్లోకి లాక్కున్నా. లాక్కునే కొద్దీ కైట్‌కి గాలి పడుతుంది, వదిలేస్తే బలం చాలావరకు చచ్చిపోతుంది. ఇదంతా పొద్దునే చెప్పారు, నేనూ తలూపా. బోర్లా పడి ఉప్పునీళ్లు తాగుతూ ఇరవై గజాలు పోయా. నేర్పే కుర్రాడు వెనకనుంచి తమిళంలో "విడు! విడు!" అని అరుస్తున్నాడు. చిత్తూరోడికి అర్థంకాని మాటా అది? అయినా చేతులు వదల్లేదు. కళ్లజోడు సముద్రానికి సమర్పించుకున్నా.

ఆ సాయంత్రమంతా ఒకటే పని చేయించాడు. బారు వదలడం. అప్పటికీ లాగుతుంటే బారు దగ్గరుండే ఎర్రపిడి ముందుకు నెట్టి క్విక్ రిలీజ్ కొట్టడం, అంటే కైట్ లాగే బలాన్ని ఒక్కసారిగా తెంపేయడం. దానికీ లొంగకపోతే కైట్‌ని మనకు తగిలించి ఉంచే లీష్ తాడు కూడా ఊడదీసుకోవడం. కళ్లు మూసుకుని చేయించాడు. వీడియోలో నీకు దొరకనిది ఇదే.

ఇక యూనివర్సిటీ గ్రౌండంటావా, పక్కనే కొండ, చుట్టూ చెట్లు, కరెంటు తీగలు. గాలి నిలకడగా రాదు, విసురు విసురుగా వస్తుంది. వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలు. 12 నాట్ల (గంటకు దాదాపు 22 కిలోమీటర్ల) గాలికి బుద్ధిగా ఉన్న కైట్ 24 నాట్ల విసురొస్తే నిన్ను ఎత్తి గోడకు కొడుతుంది. 12 మీటర్లది కొత్తవాళ్లు నేలమీద తెరవనే కూడదు.

తూపిలిపాళెంలో సముద్రం తూర్పున. పడమటి గాలి లేచిందంటే నిన్ను లోపలికి తోసుకుపోతుంది. వెనక్కి తెచ్చే పడవేది? రామేశ్వరంలో నడుంలోతు నీళ్లలో నేర్పారు నాకు, అందుకే ఈరోజు ఇది టైపు చేస్తున్నా.

సూళ్లూరుపేట:
"లోతు తక్కువ కదా, పులికాట్‌లో చేస్తే?" అని అడగబోతావేమో. అది పక్షుల అభయారణ్యం, అడుగునంతా బురద, పక్కన శ్రీహరికోట. వద్దు.

పాత కైట్ అంటున్నావు. దాని గొట్టాల్లో గాలి నింపి ఒక రాత్రి ఉంచి, పొద్దున మెత్తబడిందేమో చూడు. నాలుగు తాళ్లూ ఒకే మేకుకు తగిలించి లాగు, పొడవు తేడా ఉంటే కైట్ ఒకవైపుకే పడుతుంటుంది. అన్నిటికన్నా ముందు క్విక్ రిలీజ్ ఊడుతుందో లేదో చూడు.

గోవిందరాజులు వీధి:
కళ్యాణి డ్యాంలో చేయకూడదా అన్నా? 😀

సూళ్లూరుపేట:
ఊరంతా తాగే నీళ్లయ్యా అవి.

అలిపిరి అబ్బాయి:
ఇప్పుడే షాపులో చూశా. ఎర్రపిడి బలమంతా పెట్టి నెట్టినా కదల్లేదు. మంచినీళ్లలో నానబెట్టి, ఫోన్ల లోపలి బోర్డులు క్లీన్ చేసే బ్రష్షుతో రుద్దితే లోపలినుంచి ఇసుక, ఉప్పు రాలాయి. ఇప్పుడు ఊడుతోంది గానీ నాకు చెమటలు పట్టాయి. ఆదివారం దీంతోనే ఎగరేద్దామనుకున్నా.

ఆగస్టులో పోతాలే అన్నా. నాదీ కళ్లజోడే, ఏం చేయాలి?

బంగారుపాళెం తోట:
వెనకనుంచి తాడు కట్టుకో, నాలాగా పోగొట్టుకోకు. హెల్మెట్, ఒంటికి దెబ్బ తగలకుండా వేసుకునే ఇంపాక్ట్ వెస్ట్ నాకు వాళ్లే ఇచ్చారు, నువ్వూ ముందే ఫోన్ చేసి అడుగు. ఈ బారు కూడా పట్టుకెళ్లి వాళ్లకు చూపించు, వాడొచ్చంటేనే వాడు. బోర్డుకు మాత్రం తాడు కట్టుకోవద్దు, సాగి వచ్చి తలకే తగులుతుంది. బోర్డు జారిపోతే కైట్ సాయంతో ఒళ్లు ఈడ్చుకుంటూ పోయి పట్టుకోవడం మూడోరోజు నేర్పుతారు, నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

మీ ఆవిడకు చెప్పావా లేదా?