పోర్టు సరంగుని, ఇంగ్లండు కాలవలో మూడు రాత్రులు పడవ నడపగలనా?

మల్కాపురం సరంగు:

అందరికీ నమస్కారం. నేను విశాఖ పోర్టులో లాంచీ సరంగుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పైలట్లని ఓడల దాకా దింపడం, తాళ్ళు అందించడం, అదీ మన పని. జూన్‌లో కూతురు దగ్గరికి బర్మింగ్‌హామ్ వెళ్తున్నాం. మా అల్లుడు ఒక ప్రోగ్రాం వేశాడు. అక్కడి కాలవల్లో నారోబోట్ అని సన్నటి పడవ అద్దెకిస్తారట. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కి సోమవారం పొద్దున్న దిగాలి. మనమే నడుపుకోవాలి, వంటా పడకా అందులోనే. వీడియో చూపించాడు. రైలు పెట్టెకి రంగులేసి నీళ్ళలో దింపినట్టుంది.

లైసెన్సు లేకుండా అంత పొడుగు పడవని ఎవరి చేతికైనా ఇచ్చేస్తారా? స్టీరింగు చక్రం ఎక్కడా కనపడలేదు. వెనకాల నిలబడి ఏదో కడ్డీ పట్టుకుంటున్నారు, అది చుక్కాని పిడేనా? దారిలో లాకులుంటాయంట, అవి మనమే తెరుచుకోవాలట. నేనెప్పుడూ లాకులో పడవ పెట్టలేదు. హార్బరులో ఆ అవసరం రాదు కదా.

మా ఆవిడకి మోకాళ్ళ నెప్పులు, పైగా నీళ్ళంటే భయం. సరంగు పెళ్ళామై ఉండి ఇన్నేళ్ళలో ఒక్కసారి లాంచీ ఎక్కలేదు. ఆవిడ అడగమన్న ప్రశ్నలు రెండే: బాత్రూము సంగతేంటి, అన్నం ఎలా వండాలి. మనవలు ఇద్దరు, తొమ్మిదేళ్ళ వాడు, ఐదేళ్ళది. మొత్తం ఆరుగురం.

ఇంకో మాట. అల్లుడు ఎక్కిన చోటికే చుట్టు తిరిగొచ్చే రూటు, దాన్ని రింగ్ అంటారట, అది కొడదాం అంటున్నాడు. మూడు రోజుల్లో అవుద్దా?

సీతమ్మధార సుధ:

బాబాయ్ గారూ, ముందు ఆ రింగ్ మాట మర్చిపోమనండి మీ అల్లుడుగారిని. మేం కోవెంట్రీలో ఆరేళ్ళున్నాం, మూడుసార్లు వీకెండుకి పడవ తీసుకున్నాం. మొదటిసారి మా ఆయన కూడా మ్యాపు మీద ఇలాగే గుండ్రంగా వేలు తిప్పారు. శనివారం సాయంత్రానికి పావు వంతు కూడా అవ్వలేదు. అద్దె పడవని చీకట్లో నడపనివ్వరు. పోనీ వెనక్కి తిరుగుదామా అంటే 57 అడుగుల పడవ, కాలవ వెడల్పు అంత లేదు. పడవ తిప్పడానికని అక్కడక్కడా గట్టు లోపలికి తవ్వి ఉంచుతారు, వైండింగ్ హోల్ కాదు, విండింగ్ హోల్ అనాలి (నేను తప్పు పలికితే ఒక ముసలాయన దిద్దాడు, గాలి అనే అర్థంలో విండ్ అట). అలాంటిది దొరికే దాకా ముందుకే పోవాలి. అంటే ఎంత ముందుకి పోతే అంత వెనక్కి రావాలి. ఆదివారమంతా మా ఆయన మాట్లాడలేదు.

లెక్క ఇలా వేస్తారు. మైళ్ళు ఎన్నో, లాకులు ఎన్నో కలిపి, మూడుతో భాగిస్తే గంటలు. స్పీడు లిమిట్ గంటకి 4 మైళ్ళు, కానీ అంత వేగం ఎప్పుడూ పోరు. కట్టేసి ఉన్న పడవల పక్కనుంచి పోయేటప్పుడు ఇంజను నిద్రపోతున్నట్టే పోవాలి, లేకపోతే లోపల టీ ఒలికిన మనిషి కిటికీలోంచి తల పెట్టి తిడతాడు. బీచ్ రోడ్డులో పొద్దున్న వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళు మిమ్మల్ని దాటేసి పోతారు. ఈ సంగతి అల్లుడుగారికి ఇప్పుడే చెప్పేయండి.

మీరు బర్మింగ్‌హామ్‌లోనే ఉంటారు కాబట్టి నేనైతే ఆల్వ్‌చర్చ్ దగ్గర ఎక్కమంటాను. అది వూస్టర్ అండ్ బర్మింగ్‌హామ్ కాలవ మీద ఊరు. అక్కడి నుంచి బర్మింగ్‌హామ్ నడిబొడ్డు దాకా సుమారు 11 మైళ్ళు, దారిలో ఒక్క లాకు కూడా లేదు. మన లెక్కలో గాజువాక నుంచి ఆర్కే బీచ్ దాకా అనుకోండి, కాస్త అటూ ఇటూ. లెక్క ప్రకారం నాలుగు గంటలే, నెమ్మదిగా పోవాల్సిన చోట్లు కూడా కలుపుకుంటే ఐదు గంటలు! శుక్రవారం సాయంత్రం గంట నడిపి హాప్‌వుడ్‌లో కట్టేయండి. దారిలో బిట్టెల్ చెరువులు వస్తాయి, ఆ కాలవ కోసం కట్టినవే. శనివారం పొద్దున్న వాస్ట్ హిల్స్ సొరంగం, 2,726 గజాలు, అంటే రెండున్నర కిలోమీటర్లు. అరకు రైల్లో సొరంగం వస్తే పిల్లలు కేకలేస్తారే, ఇక్కడ అరగంట పైనే అరవొచ్చు. హెడ్‌లైటు వేసుకుని పోవాలి, పైనుంచి నీళ్ళు కారతాయి, చుక్కాని దగ్గర నిలబడేవాళ్ళకి రెయిన్‌కోటు తప్పదు. నల్లటి చీకట్లో ఎదురుగా ఒక దీపం కనపడుతుంది, అది సొరంగం చివరో, ఎదురొచ్చే పడవో పది నిమిషాలదాకా తెలీదు. రెండు పడవలు పక్కపక్కనుంచి పోతాయి, భయం లేదు, కానీ నాకు ఆ పది నిమిషాలు నచ్చవు.

ఆ తర్వాత బోర్న్‌విల్. క్యాడ్‌బరీ ఫ్యాక్టరీ కాలవ పక్కనే, గాలి వాటం బావుంటే చాక్లెట్ వాసన వస్తుంది. అదయ్యాక యూనివర్సిటీ గడియార స్తంభం, చివర్న గ్యాస్ స్ట్రీట్ బేసిన్, అంటే ఊరి నడిబొడ్డున పడవలు ఆగే చోటు. అక్కడ వూస్టర్ బార్ అని ఒక గోడ ఉంటుంది, తప్పకుండా చూడండి. ఒకప్పుడు రెండు కాలవ కంపెనీలు, ఒకరి నీళ్ళు ఇంకొకరికి పోకూడదని మధ్యలో ఏడడుగుల అడ్డుగోడ కట్టుకున్నారు. ఈ పక్క పడవలో సరుకు దింపి, గోడ మీదుగా ఆ పక్క పడవలోకి ఎక్కించేవాళ్ళు. 1815లో గానీ దారి ఇవ్వలేదు. గట్టు తగాదాలు మన దగ్గరే అనుకునేదాన్ని.

లైసెన్సు అక్కర్లేదు. పడవ అప్పజెప్పే ముందు ఒక మనిషి వచ్చి గంటసేపు అన్నీ చూపిస్తాడు. మీరు అడిగినది చుక్కాని పిడే. కుడికి పోవాలంటే ఎడమకి తొయ్యాలి, పడవ నడుము మీద తిరుగుతుంది, రివర్సులో చుక్కాని మాట వినదు. మీకు ఇవి చెప్పడం తాతకి దగ్గులు నేర్పినట్టుంటుంది. మీరు పొరబడేది ఇంకో చోట. మీరు నడిపింది లోతు నీళ్ళలో. కాలవ మధ్యలోనే మూడు నాలుగు అడుగులుంటుందేమో, అంచుల్లో ఇంకా తక్కువ. నెమ్మదిగా ఉందని ఇంజను రేపారో, వెనక భాగం కిందికి గుంజుకుంటుంది, అల గట్టుని కొరికేస్తుంది, పడవ మాత్రం వేగం పెరగదు. వెనక అల విరుగుతూ కనపడితే తగ్గించాలి, అంతే రూలు. ఎదురొచ్చే పడవకి మీరు కుడి పక్క పోవాలి. అక్కడ రోడ్డు మీద ఎడమ, నీళ్ళ మీద కుడి.

పిన్నిగారి ప్రశ్నలు. బాత్రూము ఉంటుంది, షవరూ కమోడూ రెండూ. కమోడు కింద ట్యాంకు, నిండితే పంపు పెట్టి లాగిస్తారు, మూడు రాత్రులకి ఆ అవసరం రాదు. మగ్గు వాడొచ్చు, కానీ ఎన్ని నీళ్ళు పోస్తే ట్యాంకు అంత త్వరగా నిండుతుంది. తడి టిష్యూలు మాత్రం వెయ్యకూడదు. నీళ్ళ ట్యాంకు దారిలో కుళాయిలున్న చోట నింపుకోవాలి. రైస్ కుక్కరు తీసుకెళ్ళొద్దు. కరెంటు బ్యాటరీల మీద, అంత లోడు లాగదు. పొయ్యి గ్యాసుది, మన ప్రెషర్ కుక్కరు హాయిగా పనిచేస్తుంది. మిక్సీ కూడా వద్దు, పచ్చడి ఇంట్లోనే చేసి పట్టుకెళ్ళండి. ఎక్కడానికి దిగడానికి ముందూ వెనకా రెండేసి మెట్లు, నిటారుగా ఉంటాయి. పిన్నిగారిని గట్టుకి ఆనించి కట్టాకే దింపండి. లోపల వెడల్పు ఆరడుగులే, ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు పక్కనుంచి పోవాలంటే ఊపిరి బిగబట్టాలి.

ఇక నా ఘనకార్యం. రెండోసారి వెళ్ళినప్పుడు ముందు భాగంలో కూర్చుని పాట పాడుకుంటున్నా, గాలికి చున్నీ ఎగిరిపోయింది. రెండు నిమిషాల్లో ఇంజను గుర్రుగుర్రుమని పడవ ఆగింది. ప్రొపెల్లరుకి చుట్టుకుంది. వెనక ఇంజను దగ్గర ఒక మూత ఉంటుంది, వీడ్ హ్యాచ్ అంటారు. ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, ఆ మూత తెరిచి చేతిని నీళ్ళలో పెట్టి కొయ్యాలి. ఏప్రిల్ నీళ్ళు. మా ఆయన చెయ్యి నీలం రంగు తిరిగింది. తర్వాత ఆ మూత సరిగ్గా బిగించాలి, లేకపోతే ఇంజను వెయ్యగానే నీళ్ళు లోపలికి కొట్టి పడవ మునుగుతుంది. అందుకని పిన్నిగారి చీర కొంగు జాగ్రత్త!

ఎంవీపీ కాలనీ కుర్రాడు:

అంత డబ్బు పోసి నడక కంటే నెమ్మదిగా పోవడం ఏంటి? ఆ డబ్బుతో అల్లెప్పీ హౌస్‌బోటులో దర్జాగా కూర్చోవచ్చు, వంటవాడు చేపల పులుసు పెడతాడు.

సీతమ్మధార సుధ:

అల్లెప్పీ కూడా వెళ్ళాం. బావుంటుంది. కానీ అక్కడ నడిపేది వాళ్ళు, మనం చూసేవాళ్ళం. ఈ బాబాయ్ గారు 31 ఏళ్ళు నడిపిన మనిషి, ఆయన్ని సోఫాలో కూర్చోబెడితే పక్కవాడి చుక్కానికి వంకలు పెడుతూ చస్తాడు. డబ్బు మాట నిజమే, బడి సెలవుల్లో రేటు మండిపోతుంది. జూన్ కాబట్టి కాస్త నయం. డీజిలు కొన్ని చోట్ల అద్దెలోనే కలుస్తుంది, కొన్ని చోట్ల విడిగా కట్టించుకుంటారు, అడగండి.

ధవళేశ్వరం టు మధురవాడ:

సరంగు గారూ, లాకు మా ఊరి సరుకండీ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. కాలవలు సాగుకి మాత్రమే కాదు, పడవల రాకపోకలకి కూడా వాడారు. మా తాతగారు రాదారి పడవల రోజులు చూశారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళట. ఇంగ్లండులో ఆ పని గుర్రం చేసేది, ఆ గట్టు బాటలే ఇప్పుడు నడిచేవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ వాడుతున్నారు.

లాకు అంటే నీటి మెట్టు, అంతే. రెండు గేట్ల మధ్య తొట్టి. పైకి పోవాలంటే తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు లోపలికి వెళ్ళి, వెనక గేటు మూసి, పైగేటు తూము ఎత్తితే నీళ్ళు నిండి పడవ లేస్తుంది. నీళ్ళు రెండు పక్కలా సమానమయ్యే దాకా ఏ మొనగాడూ గేటు తియ్యలేడు, సమానమయ్యాక మీ మనవడు కూడా వీపు ఆనించి తోసేస్తాడు. అక్కడి సన్న లాకులు ఏడడుగుల వెడల్పే, ఒక్కసారి నింపితే లక్ష లీటర్ల పైన నీళ్ళు పోతాయి. మా దగ్గర లాకుకి మనిషి ఉండేవాడు. అక్కడ చాలా చోట్ల మీరే లాకు మనిషి.

మల్కాపురం సరంగు:

సుధమ్మా, ధవళేశ్వరం బాబూ, నిండుగా రాశారు. అల్లుడికి చదివి వినిపించాను, రింగ్ పోయింది. కాకపోతే పెద్ద మనవడు లాకు చూడకుండా రానంటున్నాడు. ఒక్కటైనా ఎక్కించొచ్చా? దిగేటప్పుడు ఏదో ప్రమాదం ఉందని అల్లుడు అన్నాడు.

సీతమ్మధార సుధ:

ఉంది. సిల్ అంటారు. పైగేటు అడుగున రాతి గట్టు ఒకటి తొట్టిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, తొట్టి నిండా నీళ్ళున్నప్పుడు కనపడదు. పడవ దించేటప్పుడు వెనక భాగం దాని పైన ఉండిపోతే, నీళ్ళు తగ్గేకొద్దీ చుక్కాని దాని మీద కూర్చుంటుంది, ముందు భాగం దిగిపోతుంది. నిమిషాల్లో మునిగిన పడవలున్నాయి. గోడ మీద తెల్ల గీత ఉంటుంది, పడవ వెనక భాగం కూడా ఆ గీత దాటి, కింది గేటు వైపుకి ఉండాలి. దించే పని మీ చేతిలోనే పెట్టుకోండి, అల్లుడికి ఇవ్వొద్దు. తూము తిప్పే ఇనప పిడి, విండ్లాస్, తిప్పాక దానికే వదిలేసి చేతులు దులుపుకోకూడదు, జారితే గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. మాది ఒకటి కాలవలోనే ఉంది ఇప్పటికీ.

కానీ మీరు నడపకుండానే మనవడి ముచ్చట తీరే దారి ఉంది. గ్యాస్ స్ట్రీట్‌లో పడవ కట్టేసి, కాస్త నడిస్తే ఫార్మర్స్ బ్రిడ్జి లాకులు, వరసగా 13, ఊరి మధ్య భవనాల కిందుగా మెట్లలా దిగుతాయి. ఏదైనా పడవ వస్తే సాయం చెయ్యమంటారా అని అడగండి. వద్దనే వాళ్ళని నేను చూడలేదు. మావాడు నాలుగు గేట్లు తోసి బిస్కెట్టు సంపాదించుకున్నాడు.

మల్కాపురం సరంగు:

మా ఆవిడ ఒప్పుకుంది, సొరంగంలో మాత్రం లోపల కళ్ళు మూసుకుని కూర్చుంటుందట. ఆఖరి డౌటు. రాత్రి గట్టున కట్టడానికి ఏం ఉంటాయి? మనకి జెట్టీ మీద తాడు కట్టే బొల్లార్డులు అలవాటు.

సీతమ్మధార సుధ:

కొన్ని చోట్ల రింగులుంటాయి. లేని చోట ఇనప మేకులూ సుత్తీ పడవలోనే ఇస్తారు, గట్టు అంచుకి మరీ దగ్గరగా కొట్టకండి, మట్టి ఊడొస్తుంది. కొట్టాక మేకు తల మీద తెల్ల ప్లాస్టిక్ కవరు కట్టండి. లేకపోతే సాయంత్రం సైకిల్ మీద వచ్చేవాడు తాడుకి తట్టుకుని మీ పడవలోనే పడతాడు.