గొబ్బి పాటల ఆల్బమ్: స్టూడియోలో పాట చప్పబడిపోయింది, ఏం చేయమంటారు?

కొరిటెపాడు కోడలు (గుంటూరు):

అందరికీ నమస్కారం. మేము ఐదుగురం. నేను, మా తోడికోడలు, పక్కవాటా అక్క, డప్పు వాయించే తమ్ముడు, మా అత్తయ్య. ఆవిడకి డెబ్బై ఒకటి. పాటలన్నీ ఆవిడ నోట్లో ఉన్నవే. సంక్రాంతి నెల పట్టేలోగా, అంటే డిసెంబరు 16 లోపు, ఎనిమిది పాటలు ఆల్బమ్‌గా నెట్‌లో పెట్టాలని సరదా. ఎక్కువ గొబ్బి పాటలే. భోగిపళ్ళు పోసేటప్పుడు పాడేది ఒకటుంది. మా వీధికొచ్చే హరిదాసు చేత ఒకటి పాడించాలని కూడా ఉంది.

పోయిన నెల ఒక స్టూడియోకి వెళ్ళాం. అత్తయ్య చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, లోపల టిక్కు టిక్కుమని తాళం పెట్టి, ఒక్కరినే గాజు గదిలో కూర్చోబెట్టారు. మా 'గొబ్బియల్లో'లు తర్వాత అతికిస్తామన్నారు. శ్రుతి తప్పలేదు, మాట తప్పలేదు. ఇంటికొచ్చి వింటే బళ్ళో పద్యం అప్పజెప్పినట్టుంది. అత్తయ్య ఒక్క చరణం విని "గొంతు నాదే గానీ పాట నాది కాదమ్మాయ్" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. మూడు వేలు పోయాయి, అది వేరే సంగతి.

ఇంట్లోనే మళ్ళీ చేద్దామంటే రోడ్డు పక్క ఇల్లు, ఆటోల గోల. నెట్‌లో పెట్టేటప్పుడు నింపే ఫారంలో రచన అనే గడిలో ఎవరి పేరు రాయాలో తెలియట్లేదు. పైగా తమ్ముడు క్రిస్మస్ పాట కూడా ఒకటి వేద్దామంటున్నాడు. డిసెంబరంతా వాడు కేరల్స్‌కి తిరుగుతాడు. నాకిష్టమే, కానీ కలగాపులగం అవుతుందేమో?

సత్యనారాయణపురం సౌండు (విజయవాడ):

అమ్మా, అత్తయ్యగారు చెప్పిందే నిజం. గొబ్బి పాటలో ముందు పాడే మనిషి చివరి అక్షరం మీద ఉండగానే చుట్టూ ఉన్నవాళ్ళు 'గొబ్బియల్లో' ఎత్తుకుంటారు. ఆ సందులోనే ఆవిడ ఊపిరి తీసుకునేది. ఒంటరిగా కూర్చోబెడితే ఆ సందు ఎక్కడుంటుంది? పైగా చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ తిరిగే పాట నిదానంగా మొదలై పోనుపోను జోరందుకుంటుంది. ఆ టిక్కుటిక్కు దాన్ని కట్టేసింది. ముందు అది తీసి పారేయండి.

డాబా మీద చేయండి. తెల్లవారుజామున నాలుగున్నరకి. కార్తీకమేగా, ఎలాగూ దీపాలకి లేస్తారు. గొబ్బెమ్మ ఉండే చోట మైకు పెట్టి, దాని చుట్టూ మీరు తిరగండి. మైకు ఒక్కటి చాలు. స్టీరియో జత (కుడికొకటి, ఎడమకొకటి రెండు మైకులు) పెడితే హెడ్‌ఫోన్లలో వినేవాడికి మీరు తల చుట్టూ తిరుగుతున్నట్టుండి కళ్ళు తిరుగుతాయి (నేను ఒకసారి కోలాటానికి పెట్టి తిట్లు తిన్నాను). రికార్డరు సెట్టింగుల్లో 24 బిట్ ఎంచుకుని రికార్డు చేస్తే లెవెల్ తక్కువ పెట్టుకున్నా నష్టం లేదు. గట్టిగా కొట్టిన చప్పట్లు కూడా మీటరులో మైనస్ 10 డీబీ దాటకుండా చూసుకోండి. చిడతలుంటే మనిషిని నాలుగడుగులు దూరం జరపండి, అవి గొంతుల్ని మింగేస్తాయి.

డప్పుతోనే అసలు తంటా. మంచుకి తోలు సడలి శబ్దం దిగిపోతుంది. పక్కన మంట ఉండాల్సిందే. కాచిన వెంటనే మోత వేరు, పావుగంటకి వేరు. అందుకని డప్పు పాటలన్నీ వరసగా, ప్రతి టేకుకీ ముందు కాచుకుంటూ ముగించండి. తర్వాత ముక్కలు అతకాలంటే కుదరదు.

కాగితాల మనిషి:

రచన గడిలో 'సంప్రదాయం' అని రాయండి. సేకరణ అని అత్తయ్యగారి పేరు వేయండి, అది న్యాయం. పాత పాట ఎవరిదీ కాదు గానీ మీ రికార్డింగు మీదే, దానికి కాపీరైటు 60 ఏళ్ళు.

జాగ్రత్త పడాల్సింది వరుసల దగ్గర. అన్నమయ్య 'కొలని దోపరికి' కూడా మీ జాబితాలో ఉందా? సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న వరుసలు ఈ మధ్యకాలపు సంగీతకారులు కట్టినవి. క్యాసెట్‌లో విన్న బాణీ ఎత్తితే చిక్కు. కవర్‌గా, అంటే ఆ బాణీనే మళ్ళీ పాడటానికి, లైసెన్సు తీసుకుందామంటే, చట్టం ప్రకారం పాటకి ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. మీకెందుకది. అత్తయ్యగారి వరుస ఉంటే అదే పాడించండి.

హరిదాసుగారిని తిరుగుడులో ఆపి అడగొద్దు. నెత్తిన అక్షయపాత్ర ఉన్నంతసేపూ ఆయన మాట్లాడరు. ఇంటికెళ్ళి పాత్ర దించాక అడగండి. డబ్బెంతో ముందే మాట్లాడి, ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి.

అరండల్‌పేట స్టార్ (గుంటూరు):

కలగాపులగం ఏముందక్కా. గుంటూరులో డిసెంబరు మొదట్లో సెమీ క్రిస్మస్‌లు మొదలైతే సంక్రాంతి దాకా పండగే. మా వాకిట్లో కట్టిన స్టార్ కిందే ఎదురింటి పిల్లలు ముగ్గులేస్తారు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు చూడండి, ఆయన 1890లో పోయారు, హక్కుల గొడవ లేదు. ఒకటే మాట: మీ తమ్ముడిని అన్ని పాటలకీ అదే దరువు కొట్టనివ్వకండి. నా బాధ నాది, మా కేరల్స్ వాళ్ళు అలాగే కొడతారు.

కొరిటెపాడు కోడలు:

ఆదివారం డాబా మీద చేశాం. గొబ్బెమ్మలు సంక్రాంతి నెలలోనే పెట్టాలని అత్తయ్య ఒప్పుకోలేదు. ఉత్త నేల చుట్టూ తిరగడానికీ ఒప్పుకోలేదు. మధ్యలో ఇత్తడి చెంబు పెట్టి, పక్కనే మైకు నిలబెట్టాం. పాట మూడో చరణానికి ఎలా లేచిందంటే కింద వాటా వాళ్ళు పైకొచ్చి కలిశారు. ఆటో ఒకటి వినబడుతోంది, ఉంచేస్తున్నాం. కానీ సౌండుగారూ, చప్పట్లు పడ్డప్పుడల్లా చెంబు ఖంగుమంటోంది. తీసేద్దామంటే అత్తయ్య వినరు. బియ్యం పోస్తే ఆగుతుందా?

సత్యనారాయణపురం సౌండు:

పోయండి. నిండా.