మిక్సర్‌కు ఫోన్ కలిపితే గెస్టుకు తన గొంతే తిరిగి వినబడుతున్నది

హన్మకొండ_మైక్:
యూఎస్‌బీ ఉన్న ఆరు చానళ్ల మిక్సర్ (మైకుల సౌండ్లను కలిపే పెట్టె), ఫోన్ల ఉన్న గెస్టుతోని మాట్లాడుకుంట రికార్డ్ చేస్తున్నం. 1, 2లల్ల డైనమిక్ మైకులు, 5/6ల ఫోన్. గెస్టు మాట మాకు మంచిగనే వస్తున్నది కానీ, ఆయనకు ఆయన గొంతే కొంచెం ఆగి తిరిగొస్తున్నదట. ఫోన్‌కు పోయే వైరు మెయిన్ అవుట్ నుంచి తీసిన. లాప్‌టాప్ చార్జింగ్ పెడితే గుయ్యిమని హమ్ గూడ. ఏడ తప్పు?

కాజీపేట_సౌండ్:
మెయిన్ అవుట్ కాడనే ఉన్నది అన్నా. మెయిన్ల అందరి గొంతులుంటయి, గెస్టుది గూడ. ఆయనది ఒక్కటి తీసేసి మిగిలింది పంపాలె, దాన్నే మిక్స్ మైనస్ అంటరు.

వైరును ఆక్స్ సెండ్‌కు (ఏ చానల్ ఎంత పోవాలెనో విడిగ పెట్టుకునే ఇంకో అవుట్) మార్చు. 1, 2 చానళ్ల ఆక్స్ నాబులు నడిమికి తే, 5/6ది మొత్తం ఎడమకు తిప్పి సున్నా చెయ్యి. ఆక్స్ లేకుంటే ఎఫ్ఎక్స్ (ఎకో లాంటి ఎఫెక్టుల) సెండ్ జాక్ ఉన్నదేమో చూడు, అదే పని చేస్తది. కాకపోతే ఎఫ్ఎక్స్ రిటర్న్ (ఎఫెక్టును మెయిన్ల కలిపే నాబు) కిందికే ఉంచు, లేకుంటే రికార్డింగుల ఎకో పడుతది. "99 డీఎస్‌పీ" (99 రకాల ఎఫెక్టులు) అని గొప్పగ రాసుండే చవక మిక్సర్లల్ల ఎక్కువ మంది దెబ్బ తినేది ఈడనే. ఎఫ్ఎక్స్ సెండ్ ఫేడర్ (చానల్ సౌండ్ పెంచి తగ్గించే మీట) తర్వాతిది, మైక్ ఫేడర్ దించితే గెస్టుకు గూడ మాట ఆగిపోతది.

హన్మకొండ_మైక్:
మార్చిన, గొంతు తిరిగొచ్చుడు బందైంది. ఇప్పుడు మా మాటలు ఆయనకు పగిలినట్టు పోతున్నయట.

ములుగురోడ్డు_ఆడియో:
మిక్సర్ ఇచ్చేది లైన్ లెవెల్, అంటే మైకు కంటే చాన బలమైన సిగ్నల్. ఫోన్ మైక్ లైనుకు కొన్ని మిల్లీవోల్టులు చాలు. ఆక్స్ మాస్టర్ బాగ దించి చూడు. అయినా పగిలితే నడుమ 40 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించే) వైరు పెట్టాలె. ఆ లైను మీద ఫోన్ కొంత డీసీ వోల్టేజి పెడతది, అందుకని డీసీని ఆపే కెపాసిటర్ ఉన్నది తీసుకో.

ఫోన్ జాక్‌కు మూడు నల్ల గీతలుండాలె. కొన నుంచి ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్. రెండు గీతలదైతే మైక్ లైనే ఉండది.

ఇంకోటి, వైరును మైకుగ గుర్తుపట్టకపోతే ఫోన్ చెప్పకుండనే తన సొంత మైకుకు మారుతది. కాల్ల ఉండంగ ఫోన్ అడుగున గోరుతోని గీకు. గెస్టుకు బరబర వినబడితే సంగతి అదే.

కాజీపేట_సౌండ్:
హమ్ సంగతి: చార్జర్ పీకితే పోతున్నదంటే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్ల కలిసి హమ్ వచ్చుడు). మిక్సర్, లాప్‌టాప్ రెండూ ఒకటే బోర్డుకు పెట్టు. పోకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ (యూఎస్‌బీ వైరు నడుమ కరెంటు దారిని విడదీసేది). యూఎస్‌బీల రెండే చానళ్లు పంపే మిక్సర్లకు ఎక్కువగ 12 ఎంబీపీఎస్‌ది సరిపోతది, మిక్సర్‌కు సొంత అడాప్టర్ ఉంటే. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకు, హమ్ పోతదేమో కానీ షాక్ కొడితే కాపాడేది అదే.

ములుగురోడ్డు_ఆడియో:
యూఎస్‌బీల రెండే ట్రాకులు వస్తయి గద, మైకులు రెండూ పాన్ (ఎడమ-కుడి నాబు) మొత్తం ఎడమకు, ఫోన్ మొత్తం కుడికి పెట్టి రికార్డ్ చెయ్యి. గెస్టు లైన్ల గరగర వస్తే అదొక్కటే సాఫ్ చేసుకోవచ్చు. ఎడిటింగ్ అయినంక మోనో (రెండు చెవులల్ల ఒకటే సౌండ్) చేసుడు మరువకు, లేకుంటే వినేటోళ్లకు ఒక్కొక్కరు ఒక్కో చెవులనే వినబడుతరు.