పెళ్లి పందిరికి కాగితం పూలా? ఖర్చు తగ్గుతుందా, పరువు పోతుందా?

బరంపురం పెద్దప్ప:
మా చెల్లి పెళ్లి వైశాఖంలో, ఇక్కడే బరంపురంలో, ఇంటి ముందు పందిరి వేసి చేస్తున్నాం. పిల్లాడు ఒడియా వాళ్ల అబ్బాయి. బరజాత్రిలో, అంటే మగపెళ్లివారి ఊరేగింపులో, ఓ నూటయాభై మంది దాకా వస్తారట. పూల అలంకరణకి అడిగితే మండపం, గుమ్మం, ఫొటోల వెనక తెర కలిపి 26 వేలన్నారు. నాన్న ఏమీ అనలేదు, కండువా దులుపుకుని లేచిపోయారు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

నేనూ మా పిన్ని కూతుళ్లూ కలిసి క్రేప్ కాగితంతో గులాబీలు, టిష్యూ కాగితంతో బంతిపూలు చేద్దామనుకున్నాం. ఒక క్రేప్ కట్ట మా వీధి కొట్లో 35 రూపాయలు. ఒక కట్టకి 12 గులాబీలు వచ్చాయి. 300 గులాబీలకి 25 కట్టలు, అంటే 875. తీగ, ఆకుపచ్చ టేపు, ఫెవికాల్ అన్నీ కలిపినా 2 వేలు దాటదు. మేనత్త మాత్రం "వాసన లేని పువ్వు పెళ్లికెందుకే? చూసినోళ్లు ఏటనుకుంటారు?" అని ఒకటే గొడవ. మీరు చెప్పండి, చెయ్యొచ్చా?

పూలకొట్టు బాబాయ్:
నేను ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నా మాట ఒక పక్కకి మొగ్గుతుందని ముందే ఒప్పుకుంటున్నా. ఆ 26 వేలల్లో పువ్వు ఖరీదు సగం కూడా ఉండదు తల్లీ. కడియం నుంచి వచ్చే బంతి ముహూర్తాల రోజుల్లో ఏ ధర పలుకుతుందో మాకూ ముందు తెలీదు. పువ్వు తెల్లారేసరికి వాడకుండా ఉండాలంటే రాత్రి రెండింటికి కుర్రాళ్లు దండలు కట్టాలి. చట్రం, నిచ్చెన, ఎక్కేవాడు, మర్నాడు విప్పేవాడు, బండి... నీ లెక్కలో ఇవేవీ లేవు. 875 రూపాయల పువ్వు బాగానే ఉంది, దాన్ని పది అడుగుల ఎత్తున ఎవరు కడతారు? నాన్నగారా?

జయపురం కోడలు:
బాబాయ్ ఒక లెక్క వదిలేశారు, నేను వేస్తా. గులాబీ ఒకటి చెయ్యడానికి చెయ్యి తిరిగినవాళ్లకే 12 నిమిషాలు పడుతుంది. 300 అంటే 60 గంటలు. ముగ్గురు కూర్చుంటే ఒక్కొక్కరికి 20 గంటలు. మా ఆడపడుచు పెళ్లికి మేం చేశాం కాబట్టి చెబుతున్నా. మొదటి రోజు పాటలు, నవ్వులు. నాలుగో రోజుకి ఎవరికీ చెయ్యి ఆడలేదు, చివరి ఎనభై పూలు నేనొక్కదాన్నే చేశాను. అది కూడా గోరింటాకు పెట్టుకోవాల్సిన రాత్రి. ఇంట్లో ఆడవాళ్ల పనికి కూలి కట్టకపోతే ఏదైనా చవకే అవుతుంది.

గజపతి మాస్టారు:
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. శుభం, అశుభం గురించి రెండు మాటలు చెబుతాను. అమ్మాయి, మీ చెల్లి పెళ్లిలో వరుడు తల మీద పెట్టుకుని వచ్చే ముకుటం దేనితో చేస్తారో చూడండి. ఒడియా పెళ్లిళ్లలో అది శోలతో, అంటే మన జీలుగు బెండుతో చేస్తారు. చెరువుల్లో మొలిచే ఆ మొక్క కాడ పైపొట్టు తీసి, తెల్లటి దూదిలాంటి లోపలి భాగాన్ని పొరలుగా చీరి పువ్వులు చేస్తారు. దానికి వాసనా ఉండదు, తేనే ఉండదు. ఆ పువ్వుల్ని పెళ్లికొడుకు నెత్తిన పెట్టినప్పుడు రాని అశుభం వెనక తెర మీద కాగితం పువ్వు పెడితే ఎందుకొస్తుంది?

ఇచ్ఛాపురం బావ:
మాస్టారూ, పోలిక కుదరలేదు. బెండు మొక్క, నీట్లో పుట్టింది. కాగితం మిల్లులో పుట్టింది.

రాయగడ పిల్ల:
బావగారూ, మా ఊరి పక్కనే జేకేపూర్‌లో 1962 నుంచి కాగితం మిల్లు ఉంది. లారీల నిండా వెదురు వెళ్లడం చూస్తూ పెరిగాం. మీ పందిరి రాటలు వెదురువైతే శుభం, అదే వెదురు నలిగి కాగితమైతే అశుభమా?

ఇచ్ఛాపురం బావ:
సరేనమ్మా, వెదురుకి నేను ఓడిపోయాను. కానీ గుమ్మానికి మామిడాకు తోరణం బదులు ఆకుపచ్చ కాగితం కత్తిరించి కడితే మాత్రం నేను భోజనానికి రాను.

గజపతి మాస్టారు:
అక్కడ నేనూ మీ పక్కే. తోరణం, అరటి పిలకలు, తలంబ్రాలు, దండలు, ఇవి పెళ్లిలో భాగం. వీటికి నిజమైనవే ఉండాలి. ఫొటో తెర పెళ్లిలో భాగం కాదు, ఫొటోలో భాగం.

జయపురం కోడలు:
పెద్దప్పా, చెయ్యాలనే అనుకుంటే మేం చేసిన తప్పులు మీరు చెయ్యకండి. క్రేప్ కాగితం మీద సన్నటి ముడతలు గీతల్లా ఉంటాయి చూడండి. రేకు కత్తిరించేటప్పుడు ఆ గీతలు నిలువుగా, కింది నుంచి పైకి ఉండాలి. అప్పుడే రేకు మధ్యలో రెండు బొటనవేళ్లు పెట్టి అడ్డంగా లాగితే దొప్పలా వంగుతుంది. అడ్డం గీతలతో కత్తిరిస్తే లాగినా సాగదు, పువ్వు బల్లపరుపుగా ఉండిపోతుంది. మేం మొదటి మూడు కట్టలు అలాగే పాడు చేశాం. టిష్యూ బంతికి ఇంత కష్టం లేదు. ఎనిమిది, పది పొరలు ఒకదాని మీద ఒకటి పెట్టి, విసనకర్రలా మడతలు వేసి, నడుమున తీగ బిగించి, చివర్లు గుండ్రంగా కత్తిరించి ఒక్కో పొరా పైకి లాగాలి. ఐదు నిమిషాల పని. తెర నింపేది బంతులే, గులాబీలు 60 చాలు.

గోపాలపూర్ గాలి:
అందరూ వాన మాట మరిచిపోయారు. వైశాఖం అంటే సాయంత్రం కాలబైశాఖి. అరగంట గాలి, పావుగంట వాన. వాన రాకపోయినా మన సముద్రపు చెమ్మకి క్రేప్ మెత్తబడి రేకులు కిందికి వేలాడతాయి. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది, రంగు దిగడం. మా బంధువుల ఇంట్లో తడిసిన ఎర్ర క్రేప్ పువ్వు ఒకటి పెద్దావిడ భుజం మీద పడింది. ఆవిడ కట్టుకున్నది తెలుపంచు బరంపురం పట్టు. ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు, ఆ మాట కూడా ఆవిడ ఇప్పటికీ మానలేదు. కొనేముందు ముక్క తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి.

రాయగడ పిల్ల:
కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచి తీస్తే నీళ్లు అంటవు కదా?

గోపాలపూర్ గాలి:
అంటవు. కానీ మైనం పట్టిన కాగితం వత్తితో సమానం. హోమగుండం పైన గానీ, దీపాల పక్కన గానీ కట్టొద్దు. పాత రకం వేడి లైట్లు పెడితే మైనం కరిగి కారుతుంది కూడా. ఎల్‌ఈడీ అయితే భయం తక్కువ.

ఇచ్ఛాపురం బావ:
ఈ తంటా అంతా ఎందుకు, థర్మోకోల్ పలక మీద పూలు గుచ్చెయ్యండి, నిచ్చెన కూడా అక్కర్లేదు.

పూలకొట్టు బాబాయ్:
అలంకరణకి థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం బావా. దొంగచాటుగా అమ్మేవాళ్లుంటారేమో, మేం మాత్రం మానేశాం. వెదురు చట్రానికి పాత చీర బిగించి దానికి కట్టుకోవడమే మేలు.

బరంపురం పెద్దప్ప:
అందరికీ దండాలు. నిన్న రాత్రి తడిగుడ్డ పరీక్ష చేశాం. పసుపు, తెలుపు నిలిచాయి. ఎరుపు మాత్రం గుడ్డంతా పాకింది. అమ్మకి ఎరుపు లేకపోతే పెళ్లిలా ఉండదట, అందుకని ఎర్ర గులాబీలు నిజమైనవి ఓ యాభై కొని మధ్యలో గుచ్చుతాం. తెర కాగితం బంతులతో. గుమ్మానికి మామిడాకులు, అసలు బంతి. హోమం చుట్టుపక్కల కాగితం ముక్క కూడా ఉండదు. జయపురం వదినా, మీరన్న 60 గంటల లెక్క చూశాక మా తమ్ముళ్లిద్దర్నీ కూడా కూర్చోబెట్టాను. పెద్దాడు చేసిన బంతి క్యాబేజీలా ఉంది, అయినా కడతాం, పై వరసలో.

మేనత్త ఇంకా ఒప్పుకోలేదు. జడకి మల్లెలు తానే కొంటానంది, అవి కాగితంతో చేస్తే చంపేస్తానంది.

పూలకొట్టు బాబాయ్:
తెర కొలత ఎంత తల్లీ? నా దగ్గర పది ఇంటూ ఎనిమిది పాత చట్రం ఒకటి ఖాళీగా ఉంది. రెండు రోజులకి కిరాయి 700. ఎక్కి కట్టేది మాత్రం మీరే.

బరంపురం పెద్దప్ప:
500కి ఇవ్వండి బాబాయ్. నిచ్చెన కూడా.