ఇంగ్లండ్ వార్డులో పేషెంట్లతో ఎలా మాట్లాడాలి?

గుంటూరు సిస్టర్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మెడికల్ వార్డు స్టాఫ్ నర్స్‌ని. ఓఈటీ (డాక్టర్లు, నర్సులకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) పాసయ్యాను, త్వరలో యార్క్‌షైర్ వెళ్తున్నాను. పరీక్ష ఇంగ్లిష్ వేరు, అక్కడి పేషెంట్లు మాట్లాడేది వేరు అంటున్నారు. "రోజూ వాడే 500 వాక్యాలు" లాంటి వీడియోలు చూసి బట్టీ పడుతున్నాను గానీ, ఏది ఎవరి దగ్గర అనాలో అర్థం కావట్లేదు. ముఖ్యంగా పెద్దవాళ్లతో. అక్కడ పనిచేస్తున్నవాళ్లు చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

లీడ్స్ నైట్ డ్యూటీ:
చెల్లీ, కంగ్రాట్స్. ఆ 500 వాక్యాలు పక్కన పెట్టేయ్. వార్డులో రోజూ చేసేవి అవే పనులు: బీపీ చూడటం, మందులివ్వడం, టాయిలెట్‌కి తీసుకెళ్లడం, నొప్పి ఎలా ఉందో అడగటం. ఒక్కో పనికి రెండు మాటలు నోటికొస్తే చాలు.

మనం "కూర్చోండి" అంటే ఆ "అండి"లోనే మర్యాద వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అది లేదు. నువ్వెంత నవ్వుతూ "సిట్ డౌన్" అన్నా ఆర్డరేసినట్టే వినిపిస్తుంది. ఇక్కడి నర్సులు "కెన్ యూ సిట్ అప్ ఫర్ మీ?" అంటారు. బీపీ కఫ్ చుట్టేటప్పుడు "ఐ విల్ జస్ట్ పాప్ దిస్ ఆన్ యువర్ ఆర్మ్" అంటారు. ఆ జస్ట్, పాప్, ఫర్ మీ ఉన్నాయే, మన "అండి" చేసే పని అవే చేస్తాయి. వాటిని పట్టుకో.

ఇక వాళ్ల మాటలు. "పూర్లీ" అంటే ఒంట్లో బాగోలేదని. అదే హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి అప్పజెప్పేటప్పుడు, "వెరీ పూర్లీ" అన్నారంటే పరిస్థితి సీరియస్ అని అర్థం, ముందు ఆ బెడ్ దగ్గరికెళ్లు. పెద్దావిడ ఎవరైనా "స్పెండ్ ఎ పెన్నీ" అంటే బాత్రూమ్‌కి వెళ్లాలని. ఒకప్పుడు ఇక్కడి పబ్లిక్ టాయిలెట్లలో పెన్నీ వేస్తేగానీ తలుపు తెరుచుకునేది కాదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది భోజనాల పేర్లతో. యార్క్‌షైర్ పెద్దవాళ్లలో చాలామందికి డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం, టీ అంటే సాయంత్రం తినేది. షుగర్ పేషెంట్ "ఇన్సులిన్ డిన్నర్‌కి ముందు తీసుకుంటాను" అంటే, మనం రాత్రికి అనుకుంటాం. మాటను నమ్ముకోవద్దు, "వాట్ టైమ్ ఈజ్ దట్?" అని అడిగి గంట రాసుకో. "హాఫ్ సెవెన్" అంటే ఏడున్నర, అదీ గుర్తుంచుకో.

ఎలా ఉన్నారని అడిగితే "నాట్ టూ బ్యాడ్" అంటారు, నొప్పితో మెలికలు తిరుగుతున్నా సరే. అక్కడితో వదిలేయకు. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని అంకె అడుగు.

విజయవాడ టు వేక్‌ఫీల్డ్:
అక్క చెప్పినవన్నీ కరెక్టే. ఒకటి కలుపుతాను. ఇక్కడివాళ్లు "లవ్" అని పిలుస్తారు, పట్టించుకోకండి, మనం అమ్మా అన్నట్టే. కానీ కొత్తలోనే మీరూ తిరిగి అలా పిలవొద్దు. "వాట్ వుడ్ యూ లైక్ మీ టు కాల్ యూ?" అని అడగండి. దానికంటే ముందు మీ పేరు చెప్పండి. కేట్ గ్రేంజర్ అనే డాక్టర్ ఈ యార్క్‌షైర్‌లోనే పనిచేశారు. క్యాన్సర్‌తో తానే పేషెంటై పడుకున్నప్పుడు, వచ్చే సిబ్బందిలో చాలామంది తమ పేరైనా చెప్పట్లేదని గమనించి, 2013లో "హలో మై నేమ్ ఈజ్" ఉద్యమం మొదలుపెట్టారు. ఆవిడ 2016లో పోయారు. ఆ నాలుగు మాటల బ్యాడ్జి ఇప్పటికీ చాలామంది పెట్టుకుంటారు. నాకు ఆవిడంటే చాలా గౌరవం.

గుంటూరు సిస్టర్:
ఇద్దరికీ థాంక్స్ అండి. డిన్నర్ సంగతి నాకసలు తెలియదు. మరి డాక్టరుకు ఫోన్ చేస్తే? ఇక్కడ "సర్, ఐ హావ్ ఎ డౌట్" అంటాం కదా.

లీడ్స్ నైట్ డ్యూటీ:
ఇక్కడ డౌట్ అంటే ఆయన మీద నమ్మకం లేనట్టు వినిపించొచ్చు. డోస్ అడగాలంటే "కెన్ ఐ చెక్ సమ్‌థింగ్ విత్ యూ?" అను. సర్ అక్కర్లేదు, చాలాచోట్ల పేరుతోనే పిలుస్తారు. పేషెంట్ పరిస్థితి దిగజారుతుంటే మాత్రం మెత్తగా మొదలుపెట్టకు. "ఐ యామ్ కన్సర్న్డ్ అబౌట్ బెడ్ ఫోర్" అని, వెంటనే న్యూస్2 స్కోర్ (బీపీ, నాడి, శ్వాస లాంటివి చూసి పరిస్థితి ఎంత సీరియస్సో చెప్పే అంకె) చెప్పు. 7 లేదా అంతకంటే ఎక్కువుంటే అది ఎమర్జెన్సీ. "ఐ నీడ్ యూ టు కమ్ అండ్ సీ హర్ నౌ" అనెయ్. ఇక్కడ జస్ట్‌లు, పాప్‌లు వద్దు.